డబ్బులు కట్ అయ్యాయి, అవతల పడలేదు



ఈ మధ్య ఏ కిరాణా కొట్టు ముందు నిలబడ్డా, ఏ బస్టాండులో టీ తాగినా చెవిన పడే మాట ఒకటుంది. "డబ్బులు కట్ అయ్యాయండీ, అవతల పడలేదు." అన్నాయన ఫోను తెర కొట్టువాడి వైపు తిప్పి చూపిస్తుంటాడు. కొట్టువాడు తన ఫోను చూసుకుని తల అడ్డంగా ఊపుతాడు. పక్కనున్న సౌండ్ బాక్సు పలకదు. వెనక నలుగురు తొందరపడుతుంటారు. ఆయన జేబులోంచి నోట్లు తీసి రెండోసారి కట్టి, సంచీ పట్టుకుని వెళ్లిపోతాడు. కట్ అయిన ఆ 240 రూపాయలు ఎవర్ని అడగాలో ఆయనకు తెలియదు. ఇలా ఎవర్ని అడగాలో తెలియక వదిలేసుకున్న డబ్బు గురించీ, అడగబోయి ఖాతాలో ఉన్నదంతా పోగొట్టుకున్నవాళ్ల గురించీ ఈ పూట మాట్లాడదలచుకున్నాను.

ఫోనులోంచి డబ్బు పంపే ఈ యూపీఐ ఏర్పాటును 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ ప్రారంభించారు. నడిపేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, పొట్టిగా ఎన్‌పీసీఐ. పదేళ్లు నిండకముందే, 2025 ఆగస్టులో, ఒక్క నెలలో జరిగిన చెల్లింపులు 2,000 కోట్లు దాటాయి. పాలబూత్ నుంచి పెళ్లి చదివింపుల దాకా అన్నీ దీనిమీదే నడుస్తున్నాయి. నాకు ఈ ఏర్పాటంటే గౌరవం. హైదరాబాదులో తాపీపని చేసుకునే కొడుకు శ్రీకాకుళంలో ఉన్న తల్లికి, రోజుకూలీ చేతికందిన సాయంత్రమే, పైసా ఖర్చు లేకుండా డబ్బు పంపగలుగుతున్నాడు. ఇది చిన్న సంగతి కాదు. అయితే ఒక్క లెక్క వేసి చూడండి. పదివేల చెల్లింపుల్లో ఒక్కటే దారి తప్పిందనుకుందాం. ఊరికే అనుకుందాం. 2,000 కోట్లలో అది 20 లక్షలవుతుంది. అంతమందికి ఆ నెలలో ఒక్కసారైనా జవాబు చెప్పే మనిషి కావాలి కదా?

ఎవర్ని అడగాలో తెలియాలంటే ముందు డబ్బు ఏ దారిన పోతుందో తెలియాలి. మనియార్డరు రోజుల్లో ఈ చిక్కు లేదు. ఏ కిటికీ దగ్గర డబ్బు కట్టామో, అందకపోతే ఆ కిటికీ దగ్గరికే వెళ్లి రసీదు చూపించేవాళ్లం. పంపేదీ మోసేదీ ఇచ్చేదీ ఒకే తపాలా శాఖ. ఇక్కడ అలా కాదు. మీరు స్కాన్ చేసి పిన్ కొట్టగానే ఆ కబురు యాప్ నుంచి దాని వెనక ఉన్న ఒక బ్యాంకుకు, అక్కణ్నుంచి ఎన్‌పీసీఐకి వెళ్తుంది. ఎన్‌పీసీఐ మీ ఖాతా ఉన్న బ్యాంకును అడుగుతుంది. ఆ బ్యాంకు పిన్ సరిచూసుకుని డబ్బు తీస్తుంది. అప్పుడు ఎన్‌పీసీఐ అవతలివాళ్ల బ్యాంకుకు, ఫలానా ఖాతాలో ఇంత వెయ్యమని చెబుతుంది. ఆ బ్యాంకు వేసి, వేశామని జవాబు పంపుతుంది. ఇదంతా మనం రెండుసార్లు ఊపిరి తీసేలోపు అయిపోవాలి.

చిక్కు తరచుగా వచ్చేది ఆ చివరి మెట్టు మీద. అవతలి బ్యాంకు సర్వర్ సమయానికి జవాబు ఇవ్వదు. మీ బ్యాంకు అప్పటికే డబ్బు తీసేసింది. అవతల పడిందో లేదో ఆ క్షణాన ఎవరికీ తెలియదు. అందుకే తెరమీద 'పెండింగ్' అనో 'ప్రాసెసింగ్' అనో వస్తుంది. ఆ మాట కనిపించినప్పుడు మీ డబ్బు మాయమైపోలేదు. రెండు బ్యాంకులూ లెక్కలు సరిచూసుకున్నాక అది అవతలికి చేరడమో, వెనక్కి మీ ఖాతాలో పడడమో జరగాలి. చాలాసార్లు కాసేపట్లోనే ఏదో ఒకటి తేలిపోతుంది. అందుకే, వీలున్నచోట వెంటనే రెండోసారి కట్టకండి. కట్టక తప్పకపోతే కొట్టువాడి నంబరు తీసుకోండి, మీ నంబరు ఇవ్వండి. మొదటి చెల్లింపు ఆలస్యంగా అతని ఖాతాలో పడవచ్చు కూడా. పడితే తిరిగి పంపే కొట్టువాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు.

తేలకపోతే? ఇక్కడే మన జనానికి చేరని నియమం ఒకటుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి యూపీఐలో పంపిన డబ్బు మన ఖాతాలో కట్ అయ్యి అవతల పడకపోతే, ఆ మర్నాటికల్లా దానంతట అది వెనక్కి రావాలి. దుకాణంలో కట్టినది దుకాణదారుకు చేరినట్టు ఖరారు కాకపోతే, 5 రోజుల్లో రావాలి. గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం మన ఖాతాలో వెయ్యాలి. ఆదివారాలు, పండగలు తీసేసి లెక్కపెట్టడానికి లేదు, క్యాలెండరు తేదీలే లెక్క. అన్నిటికన్నా ముఖ్యం, ఈ పరిహారం మనం అడిగితే ఇచ్చేది కాదు. ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా బ్యాంకే వెయ్యాలని అందులో రాసి ఉంది. సోమవారం సాయంత్రం తమ్ముడికి పంపిన 3,000 మంగళవారం దాటినా రాలేదంటే, బుధవారం నుంచి మీకు డబ్బుతో పాటు పరిహారం కూడా రావాలి. బ్యాంకుకు వెళ్లి బతిమాలుకునే గొంతుతో నిలబడనక్కర్లేదు. ఈ నియమం పేరెత్తి అడగవచ్చు.

మరి వెళ్తే ఏం జరుగుతోంది? ఫోను పట్టుకుని కౌంటరు దగ్గరకు వచ్చిన పెద్దావిడతో, "అది యాప్ వాళ్ల సమస్యమ్మా, మా చేతుల్లో ఏం లేదు" అంటారు. యాప్‌లో వెతికితే, "మీ బ్యాంకును సంప్రదించండి" అని వస్తుంది. ఆవిడ ఆ రెండు తలుపుల మధ్య తిరుగుతుంటుంది. నాకు బాధ కలిగించేది ఇదే. ఆవిడ డబ్బు యాప్‌లో లేదు. ఎప్పుడూ లేదు. యాప్ కబురు మోస్తుందంతే. డబ్బు తీసింది ఆవిడ ఖాతా ఉన్న బ్యాంకు. ఖాతా పుస్తకంలో ఆ తీసిన పద్దు ఉంది. ఆ పద్దుకు జవాబు చెప్పే బాధ్యత ఆ బ్యాంకుది కాకుండా పోదు.

అయినా మొదటి అడుగు యాప్‌లోనే వెయ్యాలి, అదే దగ్గరి దారి కాబట్టి. యాప్ తెరిచి, హిస్టరీలోకి వెళ్లి, ఆ చెల్లింపు మీద నొక్కండి. కింద ఎక్కడో సహాయం అనో, హెల్ప్ అనో, సమస్య తెలియజేయండి అనో ఉంటుంది. అక్కడ ఫిర్యాదు నమోదు చేస్తే అది యాప్ వాళ్ల దగ్గరే ఆగిపోదు, ఎన్‌పీసీఐ పెట్టిన ఏర్పాటు ద్వారా రెండు బ్యాంకులకూ వెళ్తుంది. ఆ తెరను ఒకసారి నింపాదిగా చూడండి. అందులో ఒక 12 అంకెల నంబరు ఉంటుంది, అన్నీ అంకెలే. కొన్ని యాప్‌లలో దాన్ని యూటీఆర్ అంటారు, కొన్నిట్లో యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అంటారు. అదే తెరమీద అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి నంబరు ఇంకోటి కూడా ఉండవచ్చు. అది యాప్ తన లెక్క కోసం పెట్టుకున్నది, బ్యాంకు కౌంటర్లో దానితో పని జరగదు. ఆ 12 అంకెలూ ఒక కాగితం మీద రాసుకోండి. పక్కన తేదీ, సమయం, మొత్తం, ఎవరికి పంపారో రాయండి. ఫోను పోయినా, యాప్ తీసేసినా ఆ కాగితం ఉంటుంది. ఫోను తెర ఫొటో తీసి దాచుకోవడం మంచిదే. కానీ మన అమ్మానాన్నల వయసు వాళ్లకు కాగితమే నమ్మకం.

యాప్ వెనక ఏ బ్యాంకు ఉందో తెలుసుకోవడానికి కూడా ఒక దారి ఉంది. మీ యూపీఐ ఐడీలో 'అట్' గుర్తు తర్వాత ఉన్న అక్షరాలు చూడండి. గూగుల్ పేలో 'ఓకే ఎస్‌బీఐ' అని ఉంటే వెనక ఉన్నది స్టేట్ బ్యాంకు. ఫోన్‌పేలో 'వైబీఎల్' అని ఉంటే యెస్ బ్యాంకు. మీ ఖాతా వేరే బ్యాంకులో ఉండవచ్చు, కబురు మోసే బ్యాంకు వేరే కావచ్చు. యాప్ పలకనప్పుడు ఆ వెనకున్న బ్యాంకుకూ, మీ బ్యాంకుకూ, చివరికి ఎన్‌పీసీఐ వెబ్‌సైటులో ఉన్న ఫిర్యాదు పేజీలో కూడా నమోదు చేసుకోవచ్చు. ఎక్కడ చేసినా ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఊరుకోవద్దు. "చూస్తాంలెండి" అన్న మాట నంబరు కాదు. బ్యాంకు శాఖలో అయితే తెల్లకాగితం మీద రాసిచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యకపోతే అదే రాత బ్యాంకు ఈమెయిల్‌కు పంపించండి, లేదా స్పీడ్ పోస్టు చెయ్యండి. ఆ తేదీ మీకు తర్వాత ఎంత పనికొస్తుందో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు ఈ ప్రసంగంలో నేను ఎక్కువసేపు నిలబడదలచుకున్న చోటికి వస్తున్నాను.

డబ్బు కట్ అయిన మనిషి కంగారులో చేసే మొదటి పని ఏమిటి? ఫోనులో 'కస్టమర్ కేర్ నంబర్' అని వెతకడం. ఆ వెతుకులాటలో పైన కనిపించే నంబర్లలో దొంగలు పెట్టినవి ఉంటాయి. మన దగ్గర ఇంకో ప్రమాదం కూడా ఉంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కానీ మన నోట ఇంకా ఎస్‌బీహెచ్ అనే వస్తుంది, ఆంధ్రా బ్యాంకు అనే వస్తుంది. లేని బ్యాంకు పేరుతో సహాయం నంబరు వెతికితే, దొరికిన నంబరు ఎవరిదో దేవుడికే తెలియాలి.

ఆ నంబరుకు చేస్తే ఫోను వెంటనే ఎత్తుతారు. అదే మొదటి అనుమానం రావలసిన చోటు. గొంతు ఎంతో మర్యాదగా ఉంటుంది. "నమస్తే సార్, కంగారు పడకండి, మీ 3,000 మా దగ్గర హోల్డ్‌లో ఉన్నాయి, ఇప్పుడే రిఫండ్ చేస్తాను" అంటాడు. ఆ మాట వినగానే మనసు కుదుటపడుతుంది. అప్పటిదాకా ఎవరూ అలా మాట్లాడలేదు మరి. తర్వాత, "మీ యాప్ తెరవండి సార్, నేను చెప్పిన నంబరుకు వెళ్లండి, అక్కడ ఖాళీగా ఒక గడి ఉంది కదా, అందులో మీ రిఫండ్ కోడ్ కొట్టండి, 19,874" అంటాడు. ఆ గడి పంపవలసిన మొత్తం రాసే గడి. కోడ్ అనుకుని కొట్టినది 19,874 రూపాయలు. "ఇప్పుడు వెరిఫికేషన్ కోసం మీ పిన్ కొట్టండి, నాకు చెప్పొద్దు సార్, ఎవరికీ చెప్పకూడదు" అంటాడు. పిన్ చెప్పొద్దన్నాడు కాబట్టి నిజమైన మనిషే అనిపిస్తుంది. పిన్ కొట్టగానే డబ్బు వెళ్లిపోతుంది. "అయ్యో, రివర్స్ అయినట్టుంది సార్, ఇంకోసారి చేద్దాం" అని మళ్లీ మొదలు పెడతాడు.

ఇంకో రకం వాళ్లు ఒక యాప్ వేసుకోమంటారు. దాంతో మీ ఫోను తెర మొత్తం వాళ్లకు కనబడుతుంది. ఇలాంటి రిమోట్ యాప్‌ల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. అయినా అదే మోసం ఇప్పటికీ నడుస్తోంది.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఈ ఒక్క మాట ఇంట్లో ఫోను వాడే ప్రతివాళ్లకూ చెప్పండి, చెప్పిందే మళ్లీ చెప్పండి. పిన్ కొట్టడమంటే డబ్బు పంపడమే. రిఫండ్‌కు పిన్ ఉండదు, ఓటీపీ ఉండదు, స్కాన్ చెయ్యవలసిన పని ఉండదు. దొంగలు వాడే ఒక దారిని 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ మూసేసింది. అంతకుముందు ఎవరైనా మన ఫోనుకు 'ఇంత పంపు' అని కలెక్ట్ రిక్వెస్టు పంపగలిగేవాళ్లు. మనం అది డబ్బు వస్తోందనుకుని ఒప్పేసుకునేవాళ్లం. ఇప్పుడు మనిషి నుంచి మనిషికి ఆ రిక్వెస్టు లేదు. మంచి పని చేశారు. కానీ పైన చెప్పిన మోసానికి రిక్వెస్టుతో పని లేదు. మన వేలితో మనచేతే పంపించుకుంటారు.

నంబరు కావాలంటే మీ ఏటీఎం కార్డు వెనక ఉంటుంది, పాస్‌బుక్కులో ఉంటుంది, బ్యాంకు తన వెబ్‌సైటులో పెడుతుంది. రిజర్వ్ బ్యాంకు చెప్పిన మీదట మన బ్యాంకుల వెబ్‌సైట్లు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే చిరునామాలకు మారాయి. ఆ చివర చూసుకుంటే చాలావరకు మోసం తెలిసిపోతుంది. బ్యాంకు మీకు ఖాతా విషయంగా ఫోను చెయ్యాలన్నా 1600తో మొదలయ్యే నంబరు నుంచే చెయ్యాలని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరిలో ఆదేశించింది. మామూలు పదంకెల మొబైలు నుంచి ఎవరో చేసి, "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా" అంటే పెట్టేయండి. పెట్టేస్తే మర్యాద తప్పినట్టు కాదు. మన పెద్దవాళ్లు అవతలివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఫోను పెట్టలేరు, ఏమనుకుంటారోనని మొహమాటపడతారు. ఆ మొహమాటం విడిచిపెట్టమని వాళ్లకు మనమే చెప్పాలి.

ఈ దొంగలకు బలం ఎక్కడిదో కూడా చెప్పి తీరాలి. అసలు కస్టమర్ కేర్ దొరకకపోవడం వల్లే దొంగ కస్టమర్ కేర్ బతుకుతోందని నా నమ్మకం. అసలు నంబరుకు చేస్తే 'ఇందుకు ఒకటి నొక్కండి, అందుకు రెండు నొక్కండి' అంటూ ఎక్కడికో తీసుకెళ్లి, సంగీతం వినిపించి, లైను కట్ చేస్తారు. యాప్‌లో మనం టైపు చేస్తే యంత్రం జవాబిస్తుంది, అదీ చాలాచోట్ల ఇంగ్లీషులో. దొంగ మాత్రం మొదటి రింగుకే ఎత్తి, తెలుగులో, సార్ అనీ అమ్మా అనీ పిలిచి మాట్లాడతాడు. ఆపదలో ఉన్న మనిషి ఆ పిలుపుకు లొంగిపోవడంలో తప్పేముంది? జనానికి అవగాహన లేదని ఊరికే అంటుంటారు. తెలుగు మాట్లాడే మనిషిని రెండు నిమిషాల్లో లైను మీదకు తెచ్చిన రోజున ఈ మోసంలో సగం దానంతట అదే తగ్గుతుంది.

జరగకూడనిది జరిగితే ఏం చెయ్యాలి? 1930. ఈ నాలుగు అంకెలు మర్చిపోకండి. దేశమంతటికీ సైబర్ మోసాల ఫిర్యాదుకు ఇదే నంబరు. ఇంటిల్లిపాదీ చర్చించుకున్నాక చేద్దాం, కొడుకు ఆఫీసు నుంచి వచ్చాక చేద్దాం అనుకోవద్దు. దొంగల చేతిలో పడ్డ డబ్బు ఒక ఖాతాలో నిలవదు. అక్కణ్నుంచి ఇంకో ఖాతాకు, ఇంకో బ్యాంకుకు, ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. 1930కి చెప్పగానే ఆ ఫిర్యాదు సంబంధించిన బ్యాంకులకు వెళ్లి, డబ్బు ఎక్కడ ఉంటే అక్కడ పట్టి ఆపే ప్రయత్నం జరుగుతుంది. ముందే ఏటీఎంలో తీసేసుకుంటే ఆపడానికి ఏమీ మిగలదు. ఫోను చేసినప్పుడు వాళ్లు అడిగేవి ఏ బ్యాంకు, ఎంత, ఎన్ని గంటలకు, ఆ 12 అంకెల నంబరు. అందుకే ఇందాక కాగితం మీద రాసుకోమన్నాను. ఆ తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ వెబ్‌సైటులో ఫిర్యాదు పూర్తి చెయ్యాలి. అలా ఆపిన డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పని తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయసేవల సంస్థ కలిసి చేస్తున్నాయి. మిగతా రాష్ట్రాలు కూడా చూసి నేర్చుకోదగ్గ పని.

1930తో పాటు బ్యాంకుకు కూడా అదే గంటలో చెప్పాలి. ఎందుకో వినండి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఇంకో సర్క్యులర్ ఉంది. మీ తప్పూ లేక, బ్యాంకు తప్పూ లేక, మధ్యలో ఎవరో చేసిన మోసం వల్ల మీ అనుమతి లేకుండా డబ్బు పోతే, బ్యాంకు నుంచి కబురు అందాక 3 పనిదినాల్లో చెబితే మీకు నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే మీ నష్టానికి ఒక పరిమితి ఉంటుంది. ఆ తర్వాత చెబితే బ్యాంకు పెట్టుకున్న విధానం ప్రకారం నడుస్తుంది. చెప్పిన 10 పనిదినాల్లో ఆ మొత్తం మీ ఖాతాలో తాత్కాలికంగా వెయ్యాలి, 90 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. మీదే తప్పని బ్యాంకు అంటే, ఆ సంగతి రుజువు చెయ్యవలసింది బ్యాంకే.

పిన్ మీరే కొట్టారు, ఓటీపీ మీరే చెప్పారు, మోసపోయారు. అప్పుడు? అప్పుడు నియమం అంత అండగా ఉండదు, దాచడం నాకు ఇష్టం లేదు. మీరు బ్యాంకుకు చెప్పే క్షణం దాకా పోయినది మీ నష్టమే. కానీ చెప్పిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు భరించాలి. సిగ్గుతో రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా లోపల్లోపల కుమిలిపోయేవాళ్లు ఉంటారు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా అలా దాస్తారు. ఆ రెండు రోజుల్లో మిగతా డబ్బు కూడా పోతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే, దయచేసి మొదటి మాటగా తిట్టకండి. తిడతారన్న భయంతోనే నాన్నలు, అమ్మమ్మలు చెప్పరు.

నంబరు తప్పుగా కొట్టి ఎవరికో పంపిన సందర్భం వేరు. అది మన చెయ్యి చేసిన పని కాబట్టి పైన చెప్పిన 100 రూపాయల పరిహారం దానికి లేదు. వెంటనే యాప్‌లోనూ బ్యాంకులోనూ ఫిర్యాదు పెడితే, బ్యాంకు అవతలి బ్యాంకు ద్వారా ఆ ఖాతాదారును అడుగుతుంది. అతను ఒప్పుకోకుండా అతని ఖాతాలోంచి తీసి ఇవ్వడం బ్యాంకు చేతిలో ఉండదు. 2025 జూన్ నెలాఖరు నుంచి పంపేముందు తెరమీద కనిపించే పేరు బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరే కావాలని నియమం పెట్టారు. ఆ పేరు చదివాకే పిన్ కొట్టండి.

చిన్న దుకాణదారుల బాధ ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. టీకొట్టు నడిపే మనిషి ఒక రోజు పొద్దున్నే పాలవాడికి డబ్బు పంపబోతే, ఖాతా ఫ్రీజ్ అయిందని వస్తుంది. ఎక్కడో ఎవరినో మోసం చేసిన దొంగ, ఆ డబ్బుతోనే ఇతని దగ్గర టీ తాగి 30 రూపాయలు పంపి ఉంటాడు. ఆ 30 వెంట పోలీసు ఫిర్యాదు వచ్చి ఇతని ఖాతా మీద పడింది. అలాంటప్పుడు బ్యాంకును రాతపూర్వకంగా అడగవలసినవి, ఏ రాష్ట్రం, ఏ పోలీస్ స్టేషన్, ఫిర్యాదు నంబరు ఎంత, వివాదంలో ఉన్న మొత్తం ఎంత అని. అవి తెలిస్తే ఆ స్టేషనుకు ఈమెయిల్‌లో దుకాణం వివరాలు, ఆ రోజు అమ్మకం లెక్క పంపవచ్చు, ఆ 30 మాత్రం ఆపి మిగతాది వదలమని అడగవచ్చు. 30 రూపాయల కోసం ఒక కుటుంబం రోజువారీ డబ్బంతా బిగించి కూర్చోవడం అన్యాయం. టీకొట్టు మనిషిని ఏ తప్పూ చెయ్యకుండా వేరే రాష్ట్రం పోలీసులకు ఉత్తరాలు రాసే పరిస్థితిలో పెట్టకూడదు. ఆ సమాచారం అడగకముందే కాగితం మీద ఇవ్వడం బ్యాంకుకు ఏమంత కష్టం కాదు.

ఇన్ని చేసినా బ్యాంకు పలకలేదు. లేదా పలికి కాదంది. అప్పుడు రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2021 నవంబరు 12 నుంచి దేశమంతటికీ ఒకే ఏర్పాటు నడుస్తోంది. ముందుగా మీ బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ముద్ర వేయించుకోమన్న తేదీ ఇక్కడ పనికొస్తుంది. ఆ 30 రోజులు లెక్కపెట్టేది అక్కణ్నుంచే. ఇంటర్నెట్లో సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ అనే చోట నమోదు చెయ్యవచ్చు. ఇంటర్నెట్ లేనివాళ్లు చండీగఢ్, సెక్టార్ 17లోని రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల స్వీకరణ కేంద్రానికి ఉత్తరం రాయవచ్చు. ఫీజు లేదు. లాయరు అక్కర్లేదు. ఎలా రాయాలో తెలియకపోతే 14448కి ఫోను చెయ్యండి, అక్కడ తెలుగులోనూ చెబుతారు. ఉత్తరంలో మీ గోడంతా రాయనవసరం లేదు. ఏ తేదీన ఎంత కట్ అయింది, 12 అంకెల నంబరు, బ్యాంకుకు ఎప్పుడు రాశారు, వాళ్లేమన్నారు, మీకేం కావాలి. డబ్బుతో పాటు ఆలస్యమైన రోజులకు పరిహారం కూడా అడగండి. బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు ప్రతి జతచేయండి.

ఈ ప్రసంగం వినేవాళ్లలో బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు కూడా ఉంటారు. మీ కౌంటర్ల దగ్గర ఎంత రద్దీ ఉంటుందో, ఎంత తక్కువమందితో శాఖలు నడుపుతున్నారో నాకు తెలుసు. అయినా ఒక్కటి అడుగుతున్నాను. రేపు ఎవరైనా పెద్దాయన ఫోను పట్టుకుని వచ్చి, "బాబూ, డబ్బులు కట్ అయ్యాయి, అవతల పడలేదు" అంటే, యాప్ వాళ్లను అడగమని పంపెయ్యకండి. ఆ 12 అంకెల నంబరు మీరే చూసి, ఫిర్యాదు ఎక్కించి, దాని నంబరు ఒక చీటీ మీద రాసి ఆయన చేతికివ్వండి. మర్నాటి గడువు సంగతీ, 100 రూపాయల సంగతీ తెలుగులో రాసి శాఖలో గోడ మీద అతికించండి. ఏటీఎం గది తలుపు మీద కూడా 1930 అని పెద్ద అంకెల్లో రాయించండి.